మాట ఆగినచోట ఒంటితో పలకరింపు: డౌన్ సిండ్రోమ్‌లో రిగ్రెషన్

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు నెమ్మదిగా నేర్చుకుంటారు, కానీ నేర్చుకున్నదాన్ని గట్టిగా పట్టుకుంటారు. అందుకే, పదహారేళ్లదాకా తన జడ తాను వేసుకుని, పక్కింటి అత్తయ్యను గుమ్మంలోంచే పలకరించి, టీవీలో పాటొస్తే లేచి చిందేసిన పిల్ల కొద్ది వారాల్లో గుసగుసకు దిగి, ఆపైన ఉలుకూ పలుకూ లేకుండా మంచం అంచున బొమ్మలా కూర్చుండిపోతే ఇంట్లోవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు. దిష్టి తగిలిందంటారు కొందరు, గాలి సోకిందంటారు ఇంకొందరు. "వీళ్లంతే, వయసొచ్చాక ఇలాగే అవుతారు" అనే మాట కొన్నిసార్లు డాక్టర్ గదిలోనే వినబడుతుంది. అన్నిటిలోకీ ఎక్కువ హాని చేసేది ఆ ఆఖరి మాటే, ఆ మాట దగ్గర వెతకడం ఆగిపోతుంది కాబట్టి.

దీనికి ఇప్పుడొక పేరుంది: డౌన్ సిండ్రోమ్ రిగ్రెషన్ డిజార్డర్. రిగ్రెషన్ అంటే నేర్చుకున్నది వెనక్కి పోవడం. 2022లో పలు దేశాల నిపుణులు కలిసి ఈ పేరునూ, నిర్ధారణకు చూడాల్సిన లక్షణాలనూ ఖరారు చేశారు. ఎక్కువగా 10 నుంచి 30 ఏళ్ల మధ్య వస్తుంది. 12 వారాల లోపే మార్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మాట తగ్గడం, నిద్ర తలకిందులవడం, కదలిక మందగించడం లేదా మధ్యలో బిగుసుకుపోవడం, స్నానం భోజనం లాంటి సొంత పనులు వదిలేయడం, కొత్త భయాలు, లేనివి కనబడడం, చేసిందే చేయడం, మునుపెన్నడూ లేని ఆటిజం లక్షణాలు. ఒక్కరిలో ఇవన్నీ ఉండవు. ఇది అల్జీమర్స్ కాదు. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్‌కు మూలమైన ఏపీపీ అనే జన్యువు 21వ క్రోమోజోము మీద ఉండడం వల్ల, ఆ క్రోమోజోము మూడు ప్రతులున్న వీళ్లకు మతిమరుపు జబ్బు తొందరగా వచ్చే మాట నిజమే. కానీ అది మామూలుగా 40 దాటాక, ఎక్కువమందిలో 50ల్లో మొదలవుతుంది. ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఆ ముద్ర వేసి పంపిస్తే ఒప్పుకోవద్దు.

ఈ పోస్టు మందుల గురించి కొంత, దేహం ద్వారా చేసే మానసిక చికిత్స గురించి ఎక్కువ. ఆ చికిత్స మూలసూత్రం చిన్నది. మాట పోయిన మనిషికి ఊపిరి మిగిలే ఉంటుంది. చూపు, కండరాల బిగువు, ముందుకూ వెనక్కూ ఊగడం, వేళ్ల మధ్య చున్నీ అంచు నలపడం మిగిలే ఉంటాయి. థెరపిస్టు వాటినే భాషగా తీసుకుని ఆ మనిషి ఉన్నచోటికి వెళ్తారు. మనం రాసుకున్న కార్యక్రమంలోకి ఆమెను లాక్కొస్తే అది వ్యాయామం అవుతుంది. వ్యాయామం మంచిదే, కానీ ఈ పని అది కాదు.

ఈ పద్ధతి ఒక్కచోట పుట్టలేదు. 1940ల్లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక ఆసుపత్రిలో మేరియన్ చేస్ అనే నర్తకి, ఎవరితోనూ మాట్లాడని రోగుల కదలికను తన ఒంట్లోకి తీసుకుని వాళ్లతో సంబంధం కలుపుకునేది. డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ వేళ్లు అక్కడున్నాయి. ఇంగ్లండ్‌లో వెరోనికా షెర్బోర్న్ మేధోవైకల్యం ఉన్న పిల్లలతో చేయించిన జంట కదలికలు మూడు రకాలు: ఒకరినొకరు సంభాళించేవి, ఒకరి బలానికి ఇంకొకరు బలం ఒడ్డేవి, ఇద్దరూ సమానంగా పంచుకునేవి. 1980ల్లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని హార్పర్‌బరీ ఆసుపత్రి స్కూల్లో డేవ్ హ్యూయెట్, మెలనీ నిండ్ రూపుదిద్దిన ఇంటెన్సివ్ ఇంటరాక్షన్, తల్లి చంటిబిడ్డతో ఆడుకునే తీరునుంచి వచ్చింది: బిడ్డ "ఊ" అంటే తల్లీ "ఊ" అంటుంది, ఆగుతుంది, మళ్లీ బిడ్డ వంతు కోసం చూస్తుంది. అమితా షా, లోర్నా వింగ్ ఆటిజంలో వచ్చే కాటటోనియా (మనిషి కదలిక, మాట అదుపు తప్పి బిగుసుకుపోయే లేదా ఉన్నట్టుండి రెచ్చిపోయే స్థితి) కోసం తయారుచేసిన పద్ధతి నాలుగోది: ఒత్తిడి తగ్గించడం, ఆగిపోయిన కదలికకు చిన్న మాటతోనో వేలి తాకిడితోనో ఊతమివ్వడం. రిగ్రెషన్‌లో పనికొచ్చేది ఈ నాలుగు పాయల కలయిక.

ఒక సంగతి మొదటే చెప్పాలి. లోరాజెపామ్ (ఆందోళన తగ్గించే మందు), ఈసీటీ (మత్తులో మెదడుకు ఇచ్చే కరెంటు చికిత్స), ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు) మీద ఈ జబ్బులో ఉన్నంత పరిశోధన ఈ పద్ధతుల మీద లేదు. దేహ చికిత్స మందుకు తోడు, మందుకు బదులు కాదు. ఎవరైనా దీన్నే పూర్తి వైద్యంగా అమ్మజూపితే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.

సెషన్ మొదలుపెట్టేముందు తేల్చుకోవాల్సినవి కొన్నున్నాయి. థైరాయిడ్, దాని యాంటీబాడీలు, బి12, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) పరీక్ష, వినికిడి, చూపు, నిద్రలో ఊపిరి ఆగడం (డౌన్ సిండ్రోమ్‌లో సగానికి పైగా మందికి ఇది ఉంటుంది, రాత్రి నిద్ర పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు), అవసరాన్ని బట్టి ఈఈజీ, ఎమ్మారై, వెన్నునీటి పరీక్ష. వీటితోపాటు పన్ను, చెవి, మలబద్ధకం. నొప్పిని చెప్పడం, చూపించడం వీళ్లలో ఆలస్యమవుతుంది. పిప్పిపన్నుతో పడుకున్న పిల్లను రిగ్రెషన్ అనుకుని నెలలు పోగొట్టుకోకూడదు. ఒంటరిగా తనతో తాను మాట్లాడుకోవడం మాత్రం డౌన్ సిండ్రోమ్ ఉన్న పెద్దవాళ్లలో మామూలే. అదొక్కటే చూసి పిచ్చి పట్టిందని మందు మొదలుపెట్టకూడదు.

అన్నిటికంటే ముఖ్యం కాటటోనియా. దాన్ని కొలిచే బుష్ ఫ్రాన్సిస్ స్కేలులో 23 అంశాలుంటాయి. మొదటి 14 వడపోతకు, వాటిలో రెండో అంతకంటే ఎక్కువో ఉంటే డాక్టర్ కాటటోనియాను గట్టిగా అనుమానిస్తారు. ఇంట్లో మీకు కనబడేది ఇలా ఉంటుంది: చెంచా నోటిదాకా వెళ్లి గాల్లో ఆగిపోతుంది. గడప దగ్గర కాలు లేవదు. మనం చెయ్యెత్తి వదిలితే అలాగే ఉండిపోతుంది. రెప్ప వేయడం తగ్గుతుంది. మనం అన్నమాటే తిరిగి అంటుంది. కారణం లేకుండా లేచి పరుగెత్తడం, బట్టలు లాగేసుకోవడం కూడా ఇందులో భాగమే, కాటటోనియా అంటే ఎప్పుడూ బిగుసుకుపోవడమే కాదు. దీనికి సైకియాట్రిస్టు లోరాజెపామ్ ఇచ్చి చూస్తారు, లొంగకపోతే ఈసీటీ. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఈసీటీ చేయకూడదు. 18 ఏళ్లలోపు పిల్లలకైతే సంరక్షకుల సమ్మతితోపాటు ఆ చట్టం కింద ఏర్పడిన మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతీ కావాలి. సినిమాల్లో చూసినదాన్ని తలచుకుని భయపడి చాలామంది పనిచేసే చికిత్సను వదులుకుంటున్నారు. రోగనిరోధక వ్యవస్థ పాత్ర ఉందన్న అనుమానంతో ఐవీఐజీ కూడా ఇస్తున్నారు. ఇంటర్‌ఫెరాన్ సంకేతాలు అందుకునే నాలుగు గ్రాహకాల జన్యువులు ఈ 21వ క్రోమోజోము మీదే ఉన్నాయి. అమెరికాలోని కొలరాడోలో లోరాజెపామ్, ఐవీఐజీ, రోగనిరోధక చర్యను తగ్గించే టోఫాసిటినిబ్ అనే మందు, ఈ మూడింటినీ పోల్చే ట్రయల్ కూడా మొదలుపెట్టారు.

సైకోసిస్ (లేనివి కనబడడం, వినబడడం, భ్రమలు) మందులు కాటటోనియాలో పరిస్థితిని దిగజార్చే ప్రమాదం ఉంది. అవి వేసుకున్నాక బిగుసుకుపోవడం పెరిగితే అదే రోజు డాక్టర్‌కు చెప్పాలి. జ్వరం, ఒళ్లంతా కర్రలా బిగియడం, చెమటలు, గుండె దడ కలిసి వస్తే థెరపీ, చార్టులు అన్నీ పక్కనబెట్టి ఎమర్జెన్సీకి పరుగెత్తాలి. రోజంతా నీళ్లు మింగకపోయినా, మూత్రం ఆగినా, ఒక పిక్క వాచినా అంతే. కదలని కాళ్లలో రక్తం గడ్డకడుతుంది.

ఇక మెడ. డౌన్ సిండ్రోమ్‌లో కీళ్ల బంధనాలు వదులు. మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య ఆ వదులు ఎక్కువైతే వెన్నుపాము నలుగుతుంది. మెడనొప్పి, తల ఒకవైపుకు వంగి ఉండడం, నడక మారడం, చేతుల్లో బలం తగ్గడం, కొత్తగా పక్క తడపడం కనిపిస్తే ఒంటితో చేసే ఏ పనీ మొదలుపెట్టకండి. ముందు ఆర్థో లేదా న్యూరో డాక్టర్ చూడాలి. నడక మారడాన్ని "రిగ్రెషన్‌లో భాగమే" అని కొట్టిపారేయడం ఇక్కడ జరిగే అతిపెద్ద పొరపాటు. అలాంటి లక్షణాలేవీ లేకపోయినా పల్టీలు, ట్రాంపోలిన్, తల కిందికి వేలాడే భంగిమలు, మెడ వెనక ఒత్తిడి ఎవరికీ వద్దు. శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం కూడా. పుట్టుకతో గుండెజబ్బు వీళ్లలో దాదాపు సగం మందికి ఉంటుంది కాబట్టి కార్డియాలజిస్టు మాట తీసుకోండి. శ్రమపడినా వీళ్ల నాడి మిగతావాళ్లలో పెరిగినంతగా పెరగదు. నాడి చూసి అలసటను అంచనా వేయకుండా పెదాల రంగు, ఊపిరి చప్పుడు గమనించండి.

ఇప్పుడు గదిలోకి వెళ్దాం.

పది అడుగుల గది చాలు. నేలమీద జంపఖానా, దానిమీద పలచటి పరుపు. నిలువుటద్దం ఉంటే దుప్పటి కప్పండి. టీవీ, ఫోన్ బయట. ఫ్యాన్ కిర్రుమంటుంటే ముందు దాన్ని బాగుచేయించండి. మనకు అలవాటైపోయిన చప్పుడు కూడా వాళ్లకు గోడలా అడ్డుపడుతుంది. రోజూ ఒకే వేళ, ఒకే మనిషి, ఒకే జంపఖానా. ఇంట్లోవాళ్లు ఒకరు కనిపించే దూరంలో, తలుపు తీసి ఉండాలి. భోజనమయ్యాక గంటన్నర ఆగండి. లోరాజెపామ్ వేసుకునేవాళ్లయితే మోతాదు తర్వాత ఏ గంటలో ఒళ్లు తేలికగా ఉంటోందో, ఏ గంటలో మగత కమ్ముతోందో రెండు వారాలు రాసి చూసి, తేలికగా ఉన్న గంటలో సెషన్ పెట్టుకోండి. ఈసీటీ చేసిన రోజు వద్దు.

మొదటి రెండు వారాలు పది నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు. తర్వాత 20, 25 నిమిషాలకు పెంచి వారానికి ఐదు రోజులు. గంటసేపు చేసే సెషన్‌తో ఏ లాభమూ లేదు.

కూర్చునే తీరు: ఎదురుగా కాదు, పక్కగా ఏటవాలుగా, చెయ్యి చాపితే అందీ అందని దూరంలో, మీ కళ్లు ఆమె కళ్లకంటే కొంచెం కిందికి ఉండేలా. మొదటి ఐదు నిమిషాలు ఏమీ చేయకండి. ఈ ఐదు నిమిషాలే అందరికీ కష్టం. ఆమె ఊపిరి చూడండి. పొట్ట కదులుతోందా, రొమ్ము పైభాగం మాత్రమే కదులుతోందా? భుజాలు చెవులకేసి లేచాయా? బొటనవేలు పిడికిట్లో ఉందా, బయట ఉందా? ఆమె ఊపిరి వదిలేటప్పుడు మీరూ వదలండి, వినబడీ వినబడనట్టు. ఆమె ఊపిరి మరీ వేగంగా ఉంటే దాన్ని అనుకరించొద్దు, మీకు తల తిరుగుతుంది. రెండు ఊపిరులకొకసారి కలపండి.

తర్వాత ఏడెనిమిది నిమిషాలు ప్రతిధ్వని. ఆమె చూపుడువేలితో పావడా అంచు రుద్దుతోందనుకోండి. మీరు మీ ఒడిలోని గుడ్డను అదే లయలో, సగం పరిమాణంలో, ఒక క్షణం ఆలస్యంగా రుద్దండి. మూడుసార్లు చేసి ఆపండి. ఆపి మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. డౌన్ సిండ్రోమ్‌లో విన్నదీ చూసిందీ లోపల అల్లుకుని బదులుగా బయటికి రావడానికి మామూలుగానే ఎక్కువ సమయం పడుతుంది, రిగ్రెషన్‌లో ఇంకా ఎక్కువ. ఇరవై లెక్క పూర్తికాకముందే మనం ఇంకేదో చేస్తే ఆమె మొదలుపెట్టబోయిన జవాబు చెరిగిపోతుంది. జవాబంటే పెద్దదేమీ కాదు. వేలు ఆగడం జవాబే. రుద్దే వేగం మారడం, మీ చేతికేసి కళ్లు ఒక్కసారి జరగడం, ఊపిరి పొట్టలోకి దిగడం కూడా జవాబులే. మీరు ఆపినప్పుడు ఆమె మళ్లీ మొదలుపెట్టి మీకేసి చూస్తే, "ఇప్పుడు నీ వంతు" అని అడిగినట్టు. ఆ రోజుకు పని సగం అయిపోయింది.

సగం పరిమాణం ఎందుకంటే, పూర్తిగా అలాగే చేస్తే వెక్కిరింపులా ఉంటుంది. ఇరవై రెండేళ్ల మనిషి తన జీవితంలో వెక్కిరింపును చాలాసార్లు చూసి ఉంటుంది. తల బాదుకోవడం, చెయ్యి కొరుక్కోవడం లాంటివాటిని ఎప్పుడూ అనుకరించకూడదు. అప్పుడు దిండు అడ్డుపెట్టి, మీ అరచేతితో నేలమీద నెమ్మదిగా లయ వేయండి, ఆమె బాదుకునే వేగంకంటే కాస్త తక్కువలో.

మూడో భాగం బరువు, హద్దు. కదలిక పోయినప్పుడు తన ఒళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కూడా పలచబడినట్టుంటుంది. వెన్నుకు వెన్ను ఆనించి కూర్చోవడంతో మొదలుపెట్టండి. ముఖం చూడక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు, మీ ఊపిరి ఆమె వీపుకు తెలుస్తుంది. ఆమె ఆనితే మీరు ఆనండి, తీసేస్తే తీసేయండి. తర్వాత అరచేతులు కలిపి నెట్టడం: ఆమె ఎంత బలం పెడితే అంతే పెట్టాలి, గెలవకూడదు. తువ్వాలు చెరో కొసా పట్టుకుని లాగడం కూడా అంతే. మణికట్టు పట్టుకుని లాగడం మాత్రం వద్దేవద్దు, కీళ్లు వదులు కాబట్టి మోచేయి, భుజం జారే ప్రమాదం ఉంది. చుట్టిన దుప్పటిని తొడల మీద అదిమి పెడితే కొందరికి హాయిగా ఉంటుంది. రొమ్ము మీద, ముఖం దగ్గర బరువు పెట్టకూడదు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నవాళ్లను బరువు దుప్పటి కప్పి పడుకోబెట్టకూడదు.

చివరి ఐదు నిమిషాలు లయ. లోపలి నుంచి కదలిక మొదలుకాని మనిషికి బయటి లయ ఒక ఊతకర్ర. పార్కిన్సన్స్‌లో అడుగు పడనివాళ్లకు తాళం వేసి నడిపించడం తెలిసిందే కదా. నిమిషానికి 50, 60 చప్పట్ల వేగంతో మొదలుపెట్టండి. ఇక్కడ మన ఇళ్లలో ఉన్న ఆటలు, పనులు ఏ ఖరీదైన పరికరానికీ తీసిపోవు. చెమ్మచెక్కలో రెండు అరచేతులు వంతులవారీగా కలుస్తాయి. కోలాటం కర్రలకు చప్పుడూ, ఎదురు దెబ్బా ఉన్నాయి. పాత తిరగలి దొరికితే అదృష్టం: ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుంటారు, మీ చెయ్యి తిప్పుతుంటే ఆమె చెయ్యి ముందు ఊరికే వెంట వస్తుంది, కొన్నాళ్లకు ఆమె వైపునుంచి తోపు తెలుస్తుంది. ఆ మొదటి తోపు మీ అరచేతికే తెలుస్తుంది, పక్కనున్నవాళ్లకు కనబడదు. ఉతికిన దుప్పటిని ఇద్దరూ చెరో వైపు పట్టుకుని దులిపి, దగ్గరికి నడిచి కొసలు కలిపి మడవడం కూడా షెర్బోర్న్ చెప్పిన సమాన భాగస్వామ్యమే, నాలుగు అడుగుల నడక అందులోనే వచ్చేస్తుంది. ఒప్పులకుప్ప మాత్రం వద్దు, ఆ గిరగిర తిరుగుడు మెడకు మంచిది కాదు, చెయ్యి జారితే వెల్లకిలా పడతారు.

ముగింపు ఎప్పుడూ ఒకేలా ఉండాలి: గుడ్డ మడిచి బుట్టలో పెట్టడం, మంచినీళ్లు, "ఈ రోజుకు అయిపోయింది, రేపు మళ్లీ" అన్న ఒకే వాక్యం. సెషన్ మొత్తంలో మాటలు ఇరవైకి మించకపోతే మేలు. ప్రశ్నలు ఒక్కటి కూడా వద్దు. "ఏమైంది కన్నా? నేనెవరో చెప్పు? నీ పేరేంటి?" అని రోజంతా అడిగే ఇంట్లో మాట రావడం ఆలస్యమవుతుంది. అడిగే తల్లి ఆదుర్దా మాకు తెలుసు. కానీ ఆ పిల్లకు ప్రతి ప్రశ్నా తాను తప్పిపోయే పరీక్ష.

ముట్టుకోవడం గురించి విడిగా చెప్పాలి. మాట్లాడలేని మనిషి సమ్మతి ఒంట్లోనే చదవాలి. తల తిప్పుకోవడం, ఊపిరి బిగబట్టడం, కాలివేళ్లు ముడుచుకోవడం: వద్దు. చెయ్యి అక్కడే వదులుగా ఉండడం: సరే, కానీ ఇంకా అవును కాదు. చెయ్యి మీకేసి జరగడం: అవును. కాటటోనియాలో ఎటు తిప్పితే అటు తిరిగే స్థితి ఉంటుంది. ఆ కదలికను సమ్మతిగా తీసుకోకూడదు. మొదటి తాకిడి ఎప్పుడూ చేతి వెనకభాగం మీద, ఆమె చూస్తుండగా. వెనకనుంచి ఎన్నడూ వద్దు. ఎర్రగుడ్డ ఒకటి జంపఖానా మీద ఉంచి, అది పట్టుకుంటే అన్నీ ఆగిపోతాయని రోజూ చేసి చూపించండి. కొందరిలో రిగ్రెషన్‌కు ముందు లైంగిక వేధింపు జరిగి ఉంటుంది. ఒక ప్రత్యేక మనిషినో గదినో చూసి బిగుసుకుపోతున్నా, నడుము కింద తాకగానే భయపడుతున్నా దాన్ని థెరపీలో "విప్పి చూద్దాం" అనుకోకుండా డాక్టర్‌కు చెప్పండి. 18 లోపు వయసైతే 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి.

సెషన్ 25 నిమిషాలే, రోజులో మిగతా గంటలన్నీ ఇంట్లోనే. గడప దగ్గర ఆగిపోయినప్పుడు "పద, పద" అంటూ వీపు మీద తోయకండి. పక్కకు వచ్చి, అదే దిక్కుకు తిరిగి నిలబడండి. మీ బరువు ఒక కాలినుంచి ఇంకో కాలికి మార్చండి, కనిపించేలా. మోచేతి కింద రెండు వేళ్లు ఆనించి "ఒకటి, రెండు, మూడు" అని మూడుకు మీరు అడుగేయండి. రాకపోతే ముప్పై క్షణాలు ఆగి మళ్లీ. గడపకు అవతల నేలమీద పసుపు రంగు టేపు అతికిస్తే దాన్ని దాటడానికి కాలు లేచేవాళ్లున్నారు. చెంచా గాల్లో ఆగితే మోచేతి కింద అదే రెండు వేళ్ల ఊతం. చెంచా లాక్కుని మీరు పెట్టేయడం తొందరపాటు. నోట్లో ముద్ద ఉంచుకుని మింగకుండా కూర్చుంటుంటే పడుకోబెట్టేముందు బుగ్గలు చూడండి, గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది. రెండు మూడు గంటలకోసారి బాత్రూమ్‌కు తీసుకెళ్లండి, తనంతట తాను అడగదు. ఊతాన్ని వారాల మీద తగ్గిస్తూ రావాలి: ముందు మోచేతి కింద వేళ్లు, తర్వాత భుజం పక్కన గాల్లో చెయ్యి, ఆ తర్వాత లెక్క మాత్రమే. తగ్గించకపోతే ఆమె కదలిక మీ వేళ్లకే కట్టుబడిపోతుంది.

చాలామందిలో ఈ జబ్బు ఏదో మార్పు వెంబడి కనబడుతుంది. స్కూలు అయిపోవడం, ఇష్టమైన టీచర్ మానేయడం, నాయనమ్మ పోవడం, అక్క పెళ్లయి అమెరికా వెళ్లడం. మన ఇళ్లలో ఈ చివరిది మరీ ఎక్కువ. ఇల్లంతా నెలరోజులు జనం, సందడి, ఆపైన ఒక్కసారిగా ఖాళీ మంచం. ఎవరూ ఆ పిల్లకు ముందుగా చెప్పరు, "తనకేం అర్థమవుతుందిలే" అని. మార్పు ఒక్కటే కారణమని తీర్మానించి పరీక్షలు మానేయకూడదు, అలాగని దాన్ని వదిలేయకూడదు. సెషన్‌లో అక్క చున్నీని లయ భాగానికి తీసుకురావచ్చు. ఇద్దరూ పట్టుకుని ఊపడం, మడవడం, పెట్టెలో పెట్టడం, మర్నాడు తీయడం. పెట్టెలోకి వెళ్లింది మళ్లీ వస్తుందన్నది చేతులకు తెలియాలి. ఏడుపొస్తే ఆపకండి, పక్కన ఊపిరి కలపండి. వీడియో కాల్ వారంలో ఒకే రోజు, ఒకే వేళకు. అక్క కూడా ప్రశ్నలు మానేసి, చప్పట్ల లయ వేసి ఆగాలి. చనిపోయిన మనిషి విషయంలో మాత్రం పెట్టె ఆట వద్దు. పోయిందన్న నిజాన్ని "ఊరెళ్లింది" అని కప్పిపుచ్చితే ఎదురుచూపు ఆ ఒంట్లో గడ్డకడుతుంది. ఫొటో, దీపం, పోయిన మనిషి వాడిన వస్తువు ఒకటి చేతిలో, "చనిపోయింది, ఇక రాదు" అన్న సూటి మాట.

చెడిపోయేదెక్కడంటే, ఎక్కువగా తొందరలో. మొదటిసారి నవ్వు కనిపించిన రోజు ఇంట్లో అందరూ గదిలోకి వచ్చేస్తారు, థెరపిస్టు మర్నాడు పది కొత్త ఆటలు తెస్తారు, ఆమె తిరిగి ముడుచుకుపోతుంది. కొత్తది వారానికి ఒక్కటే. రెండో పొరపాటు, ఫిజియో, స్పీచ్, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే చికిత్స), యోగా అన్నీ ఒకే నెలలో మొదలుపెట్టడం. నలుగురు మనుషులు, నాలుగు రకాల తాకిడి. ఏది పనిచేస్తోందో కూడా తెలియదు. మొదటి ఆరు వారాలు ఒక్కరే, మిగతావాళ్లు ఆ ఒక్కరికి సలహా ఇస్తే చాలు. ఇరవై దాటిన మనిషిని "పాపా" అని పిలుస్తూ చంటిబిడ్డ ఆటలు ఆడించడం మూడోది. పేరు పెట్టి పిలవండి, చేయించేవి పెద్దవాళ్ల పనులు కావాలి. అందుకే పైన తిరగలి, దుప్పటి మడత చెప్పాం.

థెరపిస్టును వెతుక్కునేవాళ్లకు: డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ నేర్చినవాళ్లు మన ఊళ్లలో అరుదు. ఓపికున్న ఓటీ థెరపిస్టు, ఇంట్లో ఒక మనిషి కలిస్తే ఈ పని సాగుతుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న, మేధోవైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, అంచనాలకూ థెరపీకీ ఒక చోటు. వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్రప్రభుత్వం నడిపే నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది, థెరపీకి అందులో విడిగా పరిమితి ఉంటుంది. రాత్రివేళ ఏం చేయాలో తోచనప్పుడు 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు.

కొలత లేకుండా చేయకండి. గోడ క్యాలెండర్ చాలు. రోజూ మూడు అంకెలు: మధ్యాహ్న భోజనానికి పట్టిన నిమిషాలు, రాత్రి నిద్ర గంటలు, పిలిచినప్పటినుంచి లేచి నిలబడడానికి పట్టిన క్షణాలు. వారానికోసారి బరువు. ఆదివారం ఒకే చోట, ఒకే వేళకు రెండు నిమిషాల వీడియో. మందు మోతాదు మార్చిన తేదీ ఎర్రసిరాతో. నెలలో బరువు ఇరవయ్యో వంతు తగ్గితే (50 కిలోల మనిషికి రెండున్నర కిలోలు) ఆగకుండా డాక్టర్ దగ్గరికి. ఈ క్యాలెండర్, వీడియో సైకియాట్రిస్టు చేతికిస్తే ఐదు నిమిషాల ఓపీలో కూడా ఆయనకు పనికొచ్చే సమాచారం దొరుకుతుంది.

మాట తిరిగొచ్చేటప్పుడు చాలాసార్లు గుసగుసగానే వస్తుంది, అదీ లయ మధ్యలో, ఎవరూ అడగనప్పుడు. అప్పుడు పనిని ఆపి "మళ్లీ అను, నాన్నకు వినిపించు" అనకండి. "నీళ్లు" అంటే నీళ్లు అందించి, అదే గుసగుస స్థాయిలో "నీళ్లు" అని, తిరగలి తిప్పుతూనే ఉండండి.

బాగయ్యాక కూడా సెషన్లు ఒక్కసారిగా మానొద్దు. లోరాజెపామ్ డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గిస్తారు, సొంతంగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, కాటటోనియా తిరగబెట్టవచ్చు. తగ్గించే కాలమంతా వారానికి రెండు సెషన్లు ఉంచండి. పెళ్లి, ఇల్లు మారడం లాంటివి రాబోతుంటే మూడు వారాల ముందునుంచి రోజూ చేయండి. క్యాలెండర్ మీద భోజనం 25 నిమిషాలనుంచి 40కి పాకిందంటే, మాట బాగానే ఉన్నా సరే, ఆ వారంలోనే డాక్టర్‌కు ఫోన్ చేసి ఆదివారం వీడియో పంపండి.